కెమెరా వేటకు బ్యాగు: ఎంపిక నుంచి సర్దుడు వరకు

విశాఖపట్నంలో ఎవరైనా “వేటకు వెళ్ళాడు” అంటే వినేవారికి అడవి కంటే ముందు సముద్రమే తోస్తుంది. ఫిషింగ్ హార్బరు నుంచి బోటు కదిలితే అది వేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు బోట్లు కట్టేసి ఉంటే అది వేట నిషేధం. అడవి వేటను మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నేరం చేసింది. చంపడంతో పాటు పట్టడం, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర పెట్టడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. అందుచేత ఈ వ్యాసంలోని వేటకు కెమెరా, బైనాక్యులర్ తప్ప మరో పనిముట్టు లేదు. అయినా జమీందార్ల కాలంలో షికారుకు సంచి కట్టినవారికీ, నేడు తెల్లవారుజామున కంబాలకొండ అభయారణ్యం గేటు దగ్గర టిక్కెట్టు కోసం నిలబడినవారికీ బ్యాగు విషయంలో కావలసినవి పెద్దగా మారలేదు. అడవికి అది వినబడకూడదు, దాని వాసన తగలకూడదు, కావలసిన వస్తువు కళ్ళు పక్కకు తిప్పకుండానే చేతికి రావాలి.

పదిహేనేళ్ళలో నేను నాలుగు బ్యాగులు మార్చాను. వాటిలో అన్నిటికంటే ఖరీదైనదే అన్నిటికంటే ముందు అటక ఎక్కింది. ఇప్పుడు ఏ బ్యాగునైనా నేను ఒక్క పరీక్షతోనే తేల్చుకుంటాను: చీకట్లో, ఒక్క చేత్తో, చప్పుడు కాకుండా అందులోంచి అడిగిన వస్తువు తీయగలగాలి. కింద చెప్పే మెట్లన్నీ ఆ పరీక్ష నెగ్గడం కోసమే.

మొదటి మెట్టు: ముందు దుప్పటి పరచండి

చాలామంది బ్యాగు కొన్నాక అందులో ఏమి పడతాయో చూస్తారు. నా సలహా దీనికి తలకిందులుగా ఉంటుంది. గదిలో నేలమీద ఒక దుప్పటి పరిచి, మీరు నిజంగా మోసుకుపోయే వస్తువులన్నీ దానిమీద పెట్టండి. ఒక్కొక్కదానినీ కూరగాయలవాళ్ళు వాడే స్ప్రింగు కాటాతో తూచి, బరువు కాగితం మీద రాయండి. ఈ కాగితాన్ని పారేయకండి; తిరిగి వచ్చాక దీనితో పని ఉంటుంది.

ఒక పగటి ప్రయాణానికి నా కాగితం ఇలా ఉంటుంది. కెమెరా బాడీ, పెద్ద జూమ్ లెన్సు కలిపి సుమారు మూడు కిలోలు. 8×42 బైనాక్యులర్ ముప్పావు కిలో. రెండు లీటర్ల నీళ్ళు సీసాలతో కలిపి రెండు కిలోల పైచిలుకు. తిండి అర కిలో. వాన కోటు, టార్చి, మందులు, పవర్ బ్యాంకు, చిల్లర వస్తువులు కిలో పైన. ఖాళీ బ్యాగు బరువే మరో కిలో పావు. మొత్తం తొమ్మిది కిలోలకు దగ్గర పడుతుంది. అరవై అయిదు కిలోల మనిషికి ఇది ఒంటి బరువులో ఏడో వంతు. పగటి ప్రయాణానికి పదో వంతు మించకూడదని కొండలెక్కేవారు చెబుతారు. పెద్ద లెన్సు మోసేవారికి ఆ హద్దు నిలవదు కాబట్టి ఏడో వంతు దగ్గర గట్టిగా ఆగాలి. రాత్రి బస ఉన్న ప్రయాణానికైనా అయిదో వంతు దాటితే, సాయంత్రానికి పిట్ట కనిపించినా కెమెరా ఎత్తే ఓపిక ఉండదు.

ఏ ప్రయాణమో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. విశాఖ నుంచి బయలుదేరేవారికి స్థూలంగా మూడు రకాలున్నాయి. కంబాలకొండ నగరాన్ని ఆనుకుని, జంతు ప్రదర్శనశాలకు ఎదురుగా, సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. పొద్దున వెళ్ళి భోజనం వేళకు ఇల్లు చేరవచ్చు. అనంతగిరి, అరకు వైపు వెళితే రోజంతా పడుతుంది. కిరండూల్ ప్యాసింజరు ఉదయం ఏడు లోపే బయలుదేరినా, సొరంగాలన్నీ దాటి అరకు చేరేసరికి పిట్టలు కూతలు మానేసే వేళ అవుతుంది. అందువల్ల రైలు ప్రయాణాన్ని వేటగా కాక విహారంగా భావించి బరువు తగ్గించుకోవడం మంచిది. లంబసింగి, చింతపల్లి వైపు తెల్లవారుజామునే అడవిలో ఉండాలంటే ముందు రాత్రి అక్కడ పడుకోక తప్పదు. అప్పుడు దుప్పటిమీద వస్తువుల జాబితా రెట్టింపవుతుంది.

రెండో మెట్టు: ఎన్ని లీటర్లు

బ్యాగు లోపలి జాగాను లీటర్లలో చెబుతారు. కంబాలకొండ వంటి పూట ప్రయాణానికి 20 నుంచి 25 లీటర్లు, రోజు ప్రయాణానికి 30, రెండు రాత్రుల బసకు 40 నుంచి 45 లీటర్లు సరిపోతాయి. ఒక్కటే కొనగలిగితే 30 లీటర్లది కొనండి. రాత్రి బట్టలూ దుప్పటీ వేరే చేతిసంచిలో పెట్టి బస చేసే గదిలో వదిలేస్తే, అడవిలోకి ఆ 30 లీటర్లే చాలు. పెద్ద బ్యాగు కొంటే దానిలో ఖాళీ మిగులుతుంది, ఖాళీ కనబడితే చేయి ఊరుకోదు. రెండో స్వెట్టరు, మూడో బ్యాటరీ, ఎవరూ చదవని పుస్తకం ఒకటి అందులోకి చేరతాయి.

లీటర్ల కంటే ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉంది. లెన్సును బాడీకి బిగించి, హుడ్ (లెన్సు ముందు తొడుగు) తిరగేసి, మొత్తం పొడవును టేపుతో కొలవండి. బ్యాగు లోపలి లోతు ఆ పొడవు కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ ఉండాలి. లెన్సు విప్పి విడిగా పెట్టే బ్యాగులో పరికరం భద్రంగానే ఉంటుంది, కానీ మీరు దానిని బిగించేలోగా పిట్ట కొమ్మ మారుతుంది.

మూడో మెట్టు: ఒంటికి కుదరడం

తల ముందుకు వంచితే మెడ అడుగున వేలికి తగిలే ఎముక బొడిపె ఉంటుంది. నడుముకు రెండు పక్కలా చేతులు పెట్టుకుంటే బొటనవేళ్ళు ఆనే తుంటి ఎముకల అంచు ఉంటుంది. బొడిపె నుంచి ఆ అంచు ఎత్తు వరకు వెన్ను వెంబడి ఇంట్లో ఎవరిచేతనైనా కొలిపించండి. అదే మీ వెన్ను కొలత. మనిషి పొడవుతో దీనికి సంబంధం తక్కువ. నాకంటే అరచెయ్యి పొడుగైన మా తమ్ముడి వెన్ను నా వెన్ను కంటే పొట్టి. బ్యాగు వీపు పలక ఆ కొలతకు సరిపోతేనే నడుము పట్టీ ఉండవలసిన చోట ఉంటుంది.

నడుము పట్టీ పొట్టమీద కాకుండా తుంటి ఎముకలమీద కూర్చోవాలి, ఎందుకంటే బరువులో ఎక్కువ పాలు మోయవలసినది అదే. వేసుకునేటప్పుడు ముందు నడుము పట్టీ బిగించి, తరువాత భుజం పట్టీలు లాగి, ఆపైన ఎదురొమ్ము పట్టీ పెట్టుకోవాలి. భుజం పైనుంచి బ్యాగు పైఅంచుకు పోయే చిన్న పట్టీలు ఉంటే, వాటిని చివర, బ్యాగు వీపుకు ఒరిగేంతవరకే లాగాలి. ఈ వరుస తప్పితే మొత్తం బరువు భుజాలమీదికి వచ్చి, గంట తిరగకుండానే మెడనొప్పి మొదలవుతుంది.

దుకాణంలో కాగితం ఉండలు కుక్కిన బ్యాగును భుజాన వేసుకుని అద్దంలో చూసుకోవడం పరీక్ష అనిపించుకోదు. డాబా గార్డెన్స్‌కో, జగదాంబ సెంటరుకో వెళ్ళేటప్పుడు అయిదు కిలోల బియ్యం సంచి వెంట తీసుకుపోండి. దానిని బ్యాగులో పెట్టి, పావుగంట వేసుకుని, నాలుగుసార్లు వంగి లేవండి. దుకాణదారు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

నాలుగో మెట్టు: చప్పుడు

దీని గురించి అమ్మేవారు ఎవరూ మాట్లాడరు, కాబట్టి నేను కాస్త ఎక్కువ చెబుతాను.

ఒక జూన్ నెల ఉదయం, తొలకరి పడిన వారానికి, కంబాలకొండలో వెదురు పొదల కింద నవరంగ పిట్ట కూత వినిపించింది. అది తెల్లవారుజామునా సందె వేళా రెండు ముక్కల ఈల వేస్తుంది. తిరగడం మాత్రం నేలమీద, ఎండుటాకుల్లో. మేము ఇద్దరం ఒంగి కూర్చున్నాము. పిట్ట ఆకులను ముక్కుతో తిరగేస్తూ పది అడుగుల దూరానికి వచ్చింది. పొట్ట కింది ఎరుపు కూడా కనబడుతోంది. నేను ముందు జేబులో ఉన్న మెమరీ కార్డు కోసం జేబు మూత లాగాను. వెల్క్రో “చర్ర్” మంది. ఒక క్షణం ఆకులు కదలలేదు, మరుక్షణం అక్కడ పిట్ట లేదు. నాతో వచ్చిన గైడు కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ, “పిట్ట కన్నా ముందు మీ బ్యాగే కూసేసింది సారూ” అన్నాడు. అటక ఎక్కిన ఖరీదైన బ్యాగు అదే.

అందువల్ల కొనే ముందు బ్యాగును చెవి దగ్గర పెట్టుకుని గుడ్డను గోటితో గీరి చూడండి. గట్టి పూత ఉన్న నైలాను కొమ్మ తగిలితే కాగితంలా గరగరమంటుంది. నేత మెత్తగా, పైన పూత మెరవకుండా ఉన్న గుడ్డ తక్కువ చప్పుడు చేస్తుంది. దారం మందాన్ని డెనియర్లలో చెబుతారు: 200 ప్రాంతంలో ఉంటే తేలిక, 500 దగ్గర ఉంటే ముళ్ళకు తట్టుకుంటుంది. తూర్పు కనుమల్లో ముళ్ళపొదలకు కొదవ లేదు కాబట్టి అడుగు భాగమైనా 400 పైన ఉండాలని నేను చూసుకుంటాను. మిగతా భాగం పలచన అయినా ఫరవాలేదు.

ఇప్పటికే బ్యాగు ఉన్నవారు కొత్తది కొననవసరం లేదు. వెల్క్రో గరుకు వైపు మీద గుడ్డముక్క కప్పి కుట్టమంటే వీధి చివరి దర్జీ పది నిమిషాల్లో కుట్టేస్తాడు. జిప్పులకు వేలాడే ఇనుప పిడులను తీసేసి, వాటి చోట నైలాను తాడు ముక్కలు ముడివేయండి. తాడు చేతికి దొరుకుతుంది, టకటకలాడదు. వేలాడే పట్టీల చివరలను మడిచి రబ్బరు బ్యాండు వేయండి. స్టీలు సీసా బండకు తగిలితే గంట కొట్టినట్టే కాబట్టి, దానికి పాత సాక్సు తొడగండి. సగం నిండిన సీసా నడకలో గడగడలాడుతుంది. పెద్ద సీసా ఒకటి కాకుండా చిన్నవి రెండు తీసుకుపోయి, ఒకటి పూర్తిగా తాగాకే రెండోది తెరవడం మేలు. తాళంచెవులు, చిల్లర డబ్బులు రుమాలులో మూట కట్టాలి. ఇదంతా అయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్న తరువాత, ఫ్యాను ఆపేసి, నిండు బ్యాగు వేసుకుని గదిలో పది అడుగులు నడవండి. ఇంకా ఏ మూల మోగుతోందో అప్పుడు తెలుస్తుంది.

రంగు సంగతి చప్పుడంత పెద్దది కాదు. తెలుపు, ముదురు ఎరుపు, మెరిసే పట్టీలు వద్దు. మట్టి రంగో, వాడిన ఆకుపచ్చో అయితే చాలు. సైనిక దుస్తుల మచ్చల అచ్చు మాత్రం కొనకండి. మన ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు ప్రాంతాల్లో భద్రతా బలగాల తనిఖీలు ఉంటాయి. ఆ అచ్చు బ్యాగుతో కనబడినవారు జవాబు చెప్పుకుంటూ సూర్యోదయాన్ని పోగొట్టుకుంటారు.

అయిదో మెట్టు: తెరిచే తీరు, ఉప్పుగాలి

పైనుంచి మాత్రమే తెరుచుకునే బ్యాగు మోయడానికి హాయిగా ఉంటుంది, కానీ అడుగున ఉన్నది తీయాలంటే అన్నీ బయట పెట్టాలి. ముందు భాగం మొత్తం తెరుచుకునేది గదిలో సౌకర్యం. అడవిలో దానిని నేలమీద పడుకోబెట్టాలి, మట్టంతా వీపు వైపు అంటుకుంటుంది. ఒక భుజం మీదినుంచి ముందుకు తిప్పుకుంటే పక్క నుంచి తెరుచుకునే బ్యాగు నాకు నచ్చుతుంది. లంబసింగి వైపు పొదల్లో దీని విలువ తెలిసింది. అక్కడ అబ్బట్స్ బాబ్లర్ అనే చిన్న మట్టిరంగు పిట్ట ఉంది; తూర్పు హిమాలయాల పాదం నుంచి ఆగ్నేయాసియా వరకు ఉండే ఈ జాతి తూర్పు కనుమల్లో విడిగా మిగిలింది. ఇక్కడి ఉపజాతికి పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్ 1985లో విశాఖ ప్రకృతి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మీద కృష్ణరాజుయి అని పేరు పెట్టారు. ఈ పిట్ట పొదల అడుగున, చీకటి జాగాల్లో తిరుగుతుంది. దానికోసం గొంతుక్కూర్చున్న మనిషి లేచి నిలబడి బ్యాగు దింపే వీలు ఉండదు. కూర్చున్నచోటే బ్యాగును పక్కకు తిప్పి కెమెరా తీయగలగాలి.

సముద్రపు ఊరివారికి మరో చిక్కు ఉంది. విశాఖ గాలిలోని ఉప్పు ఇనుప జిప్పులను ఏడాదిలో పట్టేలా చేస్తుంది. పళ్ళు ప్లాస్టిక్‌వి అయిన జిప్పులు ఎంచుకోండి, అయినా రెండు నెలలకొకసారి కొవ్వొత్తి ముక్కతో పళ్ళమీద రుద్దండి. చెమ్మ వల్ల లెన్సు లోపల బూజు పడుతుంది. కెమెరా అరలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు ఉంచి, నెలకొకసారి ఎండబెట్టండి. ఏసీ గదిలో పడుకోబెట్టిన కెమెరాను తెల్లవారుజామున ఒక్కసారిగా ఉక్కలోకి తీస్తే లెన్సు అద్దంమీద మంచు పడుతుంది. బ్యాగును మూసే ఉంచి అరగంట ముందే వరండాలో పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

ఆరో మెట్టు: ముందు రాత్రి సర్దుడు

సర్దే పని బయలుదేరే ఉదయానికి వదిలేయకండి. మూడున్నరకు లేచి నిద్రమత్తులో సర్దినవాడు ఛార్జరు తెస్తాడు, బ్యాటరీ మరచిపోతాడు.

ముందుగా బ్యాగు లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిని పొరలా వేయండి. బ్యాగుతో వచ్చే వాన తొడుగు పైనుంచి పడే చినుకును ఆపుతుంది గాని, వీపు వైపు నుంచి కారే నీటిని ఆపదు. పైగా గాలికి టపటపమంటుంది. యూరియా బస్తా లోపలి మందపాటి సంచి కడిగి ఎండబెడితే ఈ పనికి దానిని మించినది లేదు. అక్టోబరు, నవంబరులలో అల్పపీడనం ఎప్పుడు కమ్ముకుంటుందో తెలియదు కాబట్టి, ఆకాశం నీలంగా ఉన్నా ఈ పొర మానకండి.

అడుగున, సాయంత్రం వరకు అక్కరలేనివి: మారు చొక్కా, సాక్సులు, చలికాలంలో స్వెట్టరు. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి విశాఖవాసి ఊహకు అందదు, కాబట్టి ఆ నెలల్లో స్వెట్టరు అడుగు నుంచి పైకి రావాలి. బరువైనవి వీపుకు ఆనుకుని, భుజాల ఎత్తుకు కాస్త కింద ఉండాలి: నీళ్ళు, అదనపు లెన్సు, పవర్ బ్యాంకు. బరువు వీపుకు దూరమైనకొద్దీ బ్యాగు మనిషిని వెనక్కి లాగుతుంది; దిగుడులో ఆ లాగుడు వల్లనే జారిపడతారు. పైభాగంలో వాన కోటు, తిండి. నడుము పట్టీ జేబుల్లో కుడివైపు బ్యాటరీ, కార్డు. ఎడమవైపు టార్చి, ఈల, రుమాలు. ఏది ఏ వైపు అన్నది ఒకసారి నిర్ణయించాక ఎప్పటికీ మార్చవద్దు. నిండిన కార్డును తిరగేసి పెట్టడం, ఖాళీ అయిన బ్యాటరీకి రబ్బరు బ్యాండు వేయడం కూడా ఇలాంటి అలవాట్లే.

టార్చి తలకు పెట్టుకునేది, ఎర్ర కాంతి ఉన్నది అయితే మేలు. చీకటికి అలవాటు పడిన కన్ను ఎర్ర వెలుగుకు అంతగా చెదరదు.

తిండి విషయంలో వాసనా చప్పుడూ రెండూ చూడాలి. చిప్స్ ప్యాకెట్టు తెరిచిన చప్పుడు లోయ అవతలికి వినబడుతుంది. పులిహోర మంచిదే, కానీ ఇంగువ వాసన మనకంటే ముందు నడుస్తుంది. ఎలుగుబంట్లు తిరిగే కొండల్లో ఘాటైన వాసనలు మోసుకుపోవడం తెలివైన పని కాదు. అనకాపల్లి బెల్లంతో చేసిన వేరుశెనగ ఉండలు, నువ్వుల ఉండలు, ఉడికించిన చిలగడదుంపలు గుడ్డ సంచిలో పెట్టుకుంటే చప్పుడు లేదు, చెత్త లేదు. మాడుగుల హల్వా ముక్క ఒకటి నాలుగు గంటల నడకకు బలం ఇస్తుంది, కాని జిడ్డు వేళ్ళతో కెమెరా ముట్టుకోకూడదు కాబట్టి నేను దానిని తిరుగు ప్రయాణానికి ఉంచుకుంటాను. నీళ్ళు మనిషికి రెండు లీటర్లకు తగ్గకూడదు. మార్చి నుంచి జూన్ వరకు మూడు. రెండు ఓఆర్ఎస్ పొట్లాలు తప్పనిసరి.

మందుల డబ్బాలో మీరు రోజూ వేసుకునేవి, కట్టు కట్టే గుడ్డ, దూది, యాంటిసెప్టిక్, దోమల లేపనం ఉండాలి. వానాకాలంలో జలగల కోసం పొడి ఉప్పు చిన్న సీసాలో పెట్టుకోండి. పొడుగు సాక్సులలోకి ప్యాంటు అంచులు దోపండి. పాము కాటుకు బ్యాగులో ఉండే మందు ఏదీ పనిచేయదు: కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయకుండా, కాటు పడిన అవయవాన్ని కదలనివ్వకుండా, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చడమే చికిత్స. కొండల్లో చాలాచోట్ల సిగ్నలు ఉండదు కనుక దగ్గరి ఆసుపత్రి దారి, ఆఫ్‌లైను మ్యాపు ఫోనులో ముందే ఉండాలి. ఎక్కడికి వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో కాగితం మీద రాసి వెళ్ళాలి.

బ్యాగులో ఉండకూడనివి కూడా ఉన్నాయి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్ళరాదని చట్టం చెబుతుంది. ఆయుధం అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థంలో తుపాకులతో పాటు కత్తులు, వలలు, గాలపు కొక్కేలు కూడా ఉన్నాయి. కాబట్టి పండు కోసే చాకునైనా ఇంట్లోనే వదిలి, కమలాపండో అరటిపండో తీసుకుపోండి. అగ్గిపెట్టె, లైటరు వద్దు. ఎండాకాలపు అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు. డ్రోను ఆలోచన అసలే వద్దు. ప్రవేశానికీ కెమెరాకూ తీసుకున్న అనుమతి పత్రాలు, రసీదులు, గుర్తింపు కార్డు నకలు జిప్ లాక్ కవరులో పెట్టి వీపు వైపు జేబులో ఉంచండి. గేటు దగ్గర బ్యాగంతా విప్పే పని తప్పుతుంది.

అంతా సర్దాక లైటు ఆర్పేయండి. కళ్ళు మూసుకుని, ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తో ఒక్కొక్కటిగా తీయండి: బ్యాటరీ, టార్చి, వాన కోటు, కెమెరా. ఎక్కడ తడబడ్డారో అక్కడ సర్దుడు మార్చండి. మా ఇంట్లో దీనిని చూసి నవ్వుతారు. కానీ బయలుదేరే ముందు రాత్రి మా అమ్మాయే ఇప్పుడు వరుసగా వస్తువుల పేర్లు పిలిచి పరీక్ష పెడుతుంది.

దారిలో

మోటారు సైకిలు మీద వెళ్ళేవారు బ్యాగును వెనక సీటుకు తాడుతో కట్టడం చూస్తుంటాను. ఘాటు రోడ్డు కుదుపు అంతా లెన్సు స్క్రూల మీద పడుతుంది. కెమెరా ఉన్న బ్యాగు వీపుకే ఉండాలి, అడుగు సీటుకు ఆనేంతవరకు పట్టీలు వదులు చేసుకుంటే భుజాలకు బరువు ఉండదు; కట్టవలసింది బట్టల సంచి. బస్సులో అయితే డిక్కీలో వేయకండి. దుమ్ము ఒక సమస్య, ఎవరి అల్లం బస్తా దాని మీద పడుతుందన్నది మరో సమస్య.

తిరిగి వచ్చాక

ఎంత అలసటగా ఉన్నా బ్యాగును నిండుగా వదిలి పడుకోవద్దు. వరండాలో పాత వార్తాపత్రిక పరిచి, దానిమీద బ్యాగును తలకిందులు చేసి దులపండి. గడ్డిగింజలు, ఆకు ముక్కలు, ఒక్కోసారి పిడుదులు రాలతాయి. ఒక నవంబరులో నా బ్యాగు అడుగు నుంచి సజీవంగా ఒక చిన్న నత్త వచ్చింది. దానిని మళ్ళీ కంబాలకొండ దాకా తీసుకుపోయి వదిలాను, మరో పని లేనట్టు. దులిపాక బ్యాగును వాషింగ్ మెషీనులో వేయకుండా, తడిగుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టండి. మెషీను తిప్పుడుకు, నిప్పులాంటి ఎండకు లోపలి నీరు ఆపే పూత ఊడిపోతుంది. కెమెరా అరను తెరిచే ఉంచాలి.

ఏజెన్సీ నుంచి వచ్చిన మూడు వారాల లోపు జ్వరం తగిలితే, ఏ అడవిలో తిరిగారో వైద్యుడికి చెప్పండి. మలేరియా పరీక్షతో పాటు, పొదల్లోని సూక్ష్మమైన పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ గురించి కూడా ఆయన ఆలోచించడానికి ఆ ఒక్క మాట అవసరం.

ఇక బరువులు రాసిన కాగితం తీయండి. వాడిన వస్తువుల పక్కన గీత పెట్టండి. మందులు, టార్చి, ఈల, వాన కోటు వాడకపోయినా ఉండాలి. వాటిని వదిలి, వరుసగా మూడు ప్రయాణాల్లో గీత పడని ప్రతి వస్తువునూ జాబితా నుంచి కొట్టేయండి. నా కాగితంలో మొదటిసారి ముప్పై ఎనిమిది వస్తువులుండేవి, ఇప్పుడు ఇరవై రెండు. చివరగా కొట్టేసింది మూడు కాళ్ళ స్టాండు. దానిని మోయడం మానేసి, పాత దిండుగలీబులో రెండు గుప్పెళ్ళ సెనగలు పోసి కుట్టించుకున్న చిన్న మూటను రాతిమీద పెట్టి, దానిమీద లెన్సు ఆనిస్తున్నాను.